డెబ్బై ఒకటో నంబరు తువ్వాలు

అలబామాలో మా హేల్స్‌ఫోర్డ్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు బట్టలు నేను ముప్పై ఒక్కేళ్ళుగా ఉతుకుతున్నాను. అందుకని ఈ కుర్రాళ్ళ గురించి వాళ్ళ తల్లులకు తెలియనివి కూడా నాకు కొన్ని తెలుసు. ఎవడు ఆడాడో, ఎవడు బెంచీ మీద కూర్చున్నాడో, ఎవడు కింద పడకుండా తప్పించుకు తిరిగాడో ప్యాంటు చూసి చెప్పగలను. మోకాలి దగ్గర గడ్డి మరక లేనివాడు నా దగ్గర గొప్పలు చెప్పుకుంటే ఊరుకోను. అందరూ నన్ను వెర్లీన్ అత్త అంటారు. హెడ్ కోచ్ హైటవర్ గారు నాకంటే రెండేళ్ళు పెద్ద, అయినా ఆయనా అలాగే పిలుస్తారు.

కెండ్రెల్ రక్కర్ నాలుగేళ్ళు డెబ్బై ఒకటో నంబరు చొక్కా వేసుకున్నాడు. ముందు వరస మనిషి. మా ఆటలో బంతిని తన్నడం తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, లేదా విసరాలి. విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. వాడి ముందు ఐదుగురు భారీ మనుషులు అడ్డంగా నిలబడతారు. వాళ్ళు ఆటంతా బంతిని ముట్టుకోరు. అవతలివాళ్ళు వచ్చి క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా ఆపడమే వాళ్ళ పని. పేపర్లో వాళ్ళ పేర్లు రావు, తప్పు చేసినప్పుడే జనానికి గుర్తొస్తారు. కెండ్రెల్‌ను దాటి ఎవడూ లోపలికి రాలేడని వాడికి కుర్రాళ్ళు ‘గేటు’ అని పేరు పెట్టారు.

ముందు వరసవాళ్ళ నడుముకు ఒక్కో తువ్వాలు వేలాడుతుంది. మా దగ్గర సెప్టెంబరులో కూడా చెమట కారిపోతుంది మరి. ఆ తువ్వాళ్ళ మీద, క్వార్టర్‌బ్యాక్ తువ్వాలు మీద, పేరూ నంబరూ నేనే కుట్టిస్తాను. కుట్టిస్తానని అన్నానుగానీ కుట్టేదీ నేనే. నాలుగేళ్ళూ పూర్తయినవాడికి వీడ్కోలు విందులో ఆ తువ్వాలు నా చేత్తో ఇస్తాను. నలభై ఏళ్ళు దాటినవాళ్ళు కూడా దాన్ని ఇంకా ట్రక్కులో పెట్టుకుని తిరుగుతుంటారు. కాలేజీ ఇచ్చే పట్టా ఎక్కడ పెట్టారో అడిగితే మాత్రం వెతుక్కుంటారు.

కిందటేడు ఆఖరి ఆట వేన్‌రైట్ కాలేజీతో. వాళ్ళంటే మాకు పడదు, మేమంటే వాళ్ళకు పడదు. గెలవాలంటే బంతితో చివరి గీత దాటాలి, దానికి నాలుగు గజాలుంది, మాకు మిగిలింది ఒకే ప్రయత్నం. మా క్వార్టర్‌బ్యాక్ క్విన్సీ డాబ్నీ బంతి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అంతలో ఇద్దరు వచ్చి వాడి మీద పడ్డారు. ఆట పోయింది, క్విన్సీ కుడి భుజం విరిగింది. ఆ చెయ్యి ఇప్పటికీ చెవి దాకా లేవదు. బంతి విసరకుండా బొమ్మలా నిలబడ్డాడని ఊరంతా అంది. మంగలి షాపులో అన్నారు, చేపల హోటల్లో అన్నారు. చర్చి మెట్ల మీద నేనూ అన్నాను. వాడు వీడ్కోలు విందుకు రాలేదు. అంత పొగరా అని నాకు ఒళ్ళు మండి, వాడి తువ్వాలు నిలువునా చింపి వాషింగ్ మెషిన్ తుడవడానికి వాడుకున్నాను. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, కానీ దాచిపెడితే తర్వాతి కథ అర్థం కాదు.

పెద్ద జట్లేవీ కెండ్రెల్‌ను పిలవలేదు. వాళ్ళమ్మ కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, కొడుకు కోసం అక్కడ సూపర్‌వైజరుతో మాట్లాడి ఉంచింది. జూలైలో ఒకరోజు హైటవర్ గారు వాణ్ణి నా గదికే పిలిపించారు. ఆయన ఆఫీసులో ఏసీ పనిచేయడం లేదు.

“ముందు వరసకి కోచ్ కావాలి. ఒక్క సీజను. జీతం నవ్వొచ్చేంత. గ్రౌండు మీద గీతలు నువ్వే వెయ్యాలి, వ్యానూ నువ్వే తోలాలి. వేన్‌రైట్ ఆట అయ్యాక, నిన్ను ఉంచాలో వద్దో ఆఫీసుకి ఉత్తరం రాస్తాను. ఏమంటావు?” అన్నారు.

“రంగు ఎక్కడుందండీ?” అన్నాడు కెండ్రెల్.

“ఏం రంగు?”

“గీతలెయ్యడానికి.”

హైటవర్ గారు నా వైపు చూసి, “వీడికి తొందరెక్కువ” అన్నారు, కానీ ఆయనకది నచ్చిందని ముఖం చూస్తేనే తెలిసింది.

అడగడానికైతే అంత ధీమాగా అడిగాడుగానీ, ఆగస్టులో పని మొదలయ్యాక తెలిసొచ్చింది. ఆ ఐదుగురిలో ముగ్గురు నిన్నటిదాకా వాడితో ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు. జవోరిస్ అయితే వాడితో ఒకే గదిలో ఉన్నవాడు. “పరిగెత్తండి” అని కెండ్రెల్ అరిస్తే, “ఏరా గేటూ, నా సాక్సులు తొడుక్కెళ్ళావు, ముందవి తెచ్చివ్వు” అంటాడు జవోరిస్. మిగతావాళ్ళు పగలబడి నవ్వుతారు.

కెండ్రెల్ మాత్రం ముఖం మాడ్చుకోలేదు. మర్నాడు సాక్సులు తెచ్చి జవోరిస్ చేతికిచ్చి, “ఇంకేమన్నా బాకీ ఉన్నానా? లేకపోతే పరిగెత్తు” అన్నాడు. వాళ్ళతోపాటు తనూ పరిగెత్తాడు. కాళ్ళు ఎలా పెట్టాలో, నడుము ఎంత వంచాలో ఒక్కొక్కడి పక్కనా వంగి చూపించాడు. వాడు అన్నిటికంటే ముందు నేర్పింది ఒకటుంది, ‘పొడి చేతులు’. అవతలివాణ్ణి అరచేతుల్తో ఆపాల్సి వచ్చినప్పుడు చెమట ఉంటే పట్టు జారిపోతుంది, కాబట్టి వంగేముందు తువ్వాలుకి చేతులు తుడుచుకోవాలి. నాలుగేళ్ళు తను చేసినదే. ఆ ఐదుగురూ ఒకేసారి నడుం దగ్గర చేతులు తుడుచుకుంటుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది. నా తువ్వాళ్ళకు ఇన్నాళ్ళకు విలువ తెలిసినవాడు దొరికాడని మురిసిపోయాను.

మొదటి మూడు ఆటలూ గెలిచాం. తర్వాతి రెండూ ఓడిపోయాం. ఆ రెండింట్లోనూ ఈ ఏటి క్వార్టర్‌బ్యాక్‌ను, పంతొమ్మిదేళ్ళ సన్నటి పిల్లాణ్ణి, తొమ్మిదిసార్లు నేలకేసి కొట్టారు. “గేటుకి కీళ్ళు ఊడినట్టున్నాయి” అని మంగలి షాపులో ఎవరో అన్నారట. హైటవర్ గారు ఏమీ అనలేదు. ఆయన తిట్టకపోతేనే భయపడాలి. వేన్‌రైట్ ఆటకు ఆరు రోజులు మిగిలాయి.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి చొక్కాలు మడత పెడుతున్నాను. కెండ్రెల్‌కు ఆఫీసంటూ లేదు, నేను బట్టలు మడిచే బల్లే వాడి ఆఫీసు. ఒక చివర వాడి లాప్‌టాప్, ఒక చివర నా చొక్కాలు. వేన్‌రైట్ బలహీనత ఏమన్నా దొరుకుతుందేమోనని కిందటేటి ఆట ఫిల్మ్ చూస్తున్నాడు. ఉడికించిన వేరుశెనక్కాయలు తింటూ తింటూ ఉన్నట్టుండి ఆపేశాడు. చాలాసేపు ముందుకీ వెనక్కీ తిప్పాడు.

“అత్తా, ఒకసారి ఇలా రా. నా చేతులు చూడు.”

“తుడుచుకుంటున్నావు.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు తుడుచుకోలేదు.”

“బంతి విసరబోతుంటే తుడుచుకుంటున్నా. పరిగెత్తబోతుంటే భుజంతో నెట్టడమే కదా, అప్పుడు తుడుచుకోవట్లేదు. మొత్తం అరవై ఒక్క ప్రయత్నాలు చూశా. ఒక్కసారి కూడా తప్పలేదు.” వేలు తెర మీద పెట్టాడు. “ఇదిగో, వాళ్ళ యాభై నాలుగో నంబరు. చూడు, నా ముఖం చూడట్లేదు, నడుం చూస్తున్నాడు. నేను తువ్వాలు ముట్టుకోగానే పక్కవాడి వీపు మీద రెండుసార్లు తట్టాడు.”

అంటే బంతి విసరబోతున్నారని ప్రతిసారీ వాళ్ళకు ముందే తెలుసు. చెప్పింది ఎవరో కాదు, మా గేటే. వాడు ఆ ఆఖరి ప్రయత్నం తెర మీద పెట్టాడు. ఫిల్ములో కెండ్రెల్ చేతులు తుడుచుకున్నాడు, యాభై నాలుగోవాడు రెండుసార్లు తట్టాడు, ఇద్దరూ నేరుగా క్విన్సీ మీదికి వెళ్ళారు. వాడు బొమ్మలా నిలబడలేదు. నిలబడడానికి వాడికి టైమే లేదు.

మేము ఎక్కువసార్లు బంతి విసిరిన రోజున డెబ్బై ఒకటో నంబరు తువ్వాలు అందరి తువ్వాళ్ళకంటే నల్లగా వచ్చేది. పాపం ఎంత కష్టపడ్డాడో అనుకునేదాన్ని. మరకలు చూసి మనుషుల్ని చెప్పేస్తానని గొప్పలు పోయే నేను నాలుగేళ్ళు దాన్ని ఉతికాను, అసలు సంగతి ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

కెండ్రెల్ ఈ ఏడు ఓడిన ఆటలు తెరిచాడు. ఈసారి ఐదుగురూ కలిసి తుడుచుకుంటున్నారు, వాడు నేర్పినట్టే.

“నా జబ్బు ఐదుగురికీ అంటించాను” అన్నాడు.

నేను వెంటనే ఉపాయం చెప్పాను. “రేపట్నుంచి తువ్వాళ్ళు ఇవ్వను. మెషిన్ పాడైందంటాను. ఎవడడుగుతాడు? పీడ వదిలిపోతుంది.”

“మరి క్విన్సీ?”

“క్విన్సీ సంగతి ఇప్పుడెందుకురా? నీ సంగతి చూసుకో. శనివారం అయ్యాక ఆయన ఉత్తరం రాయాలి. ఇప్పుడెళ్ళి క్విన్సీ భుజం నావల్లే విరిగిందండీ అంటే ఏం రాస్తాడు? కోళ్ళ ఫ్యాక్టరీలో నీకోసం రబ్బరు బూట్లు రెడీగా ఉన్నాయి.”

వాడు లాప్‌టాప్ మూసేశాడు. “పదిమందిలో కూర్చుని వాడే చేతగానివాడని నేనూ అన్నాను అత్తా. తప్పు చేస్తే ఒప్పుకోండ్రా అని ఈ కుర్రాళ్ళని రోజూ తిడుతున్నాను. రేపు ఏ ముఖంతో తిట్టను? పొద్దున్నే నీ ట్రక్కు ఇస్తావా?”

“నీ తోలుడు నేను చూశాను. నేనే వస్తాను” అన్నాను.

క్విన్సీ వాళ్ళ మేనమామ టైర్ల షాపులో పని చేస్తున్నాడు. సోమవారం పొద్దున మేము వెళ్ళేసరికి ఎడం చేత్తో ట్రాక్టరు టైరు విప్పుతున్నాడు. కెండ్రెల్ ట్రక్కు బానెట్టు మీద లాప్‌టాప్ పెట్టి, చుట్టూ తిప్పకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. క్విన్సీ ఆ ఆఖరి ప్రయత్నం మూడుసార్లు చూశాడు.

“సంవత్సరం నుంచీ కల్లో నేను బంతి తొందరగా విసిరేస్తూనే ఉన్నానురా” అన్నాడు.

“నువ్వు రెండు సెకన్లు కూడా పట్టుకోలేదు. లెక్కపెట్టాను.”

“మంగలి షాపులో నువ్వూ అన్నావంట.”

“అన్నాను.”

క్విన్సీ చేతిలో రెంచి కింద పెట్టాడు. “అయితే ఇప్పుడేం చెయ్యాలి? నిన్ను కావలించుకుని ఏడవాలా?”

“ఏమొద్దు. మూడింటికి ఫిల్మ్ గదికి రా. అందరి ముందూ చెప్తాను. నువ్వు లేకుండా చెప్తే నా బరువు దింపుకోడానికి చెప్పినట్టుంటుంది.”

“నాకు ట్రాక్టరు టైరుంది” అని వాడు మళ్ళీ రెంచి తీసుకున్నాడు. మేము ట్రక్కు ఎక్కబోతుంటే నన్ను పిలిచాడు. “అత్తా, నా తువ్వాలు ఇంకా నీ దగ్గరే ఉందా?”

“ఉంది నాయనా, భద్రంగా ఉంది” అన్నాను.

పక్కనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు తన బతుకుతెరువు పణంగా పెట్టి నిజం చెబుతుంటే, అరవై ఏళ్ళ దాన్ని నేను అలవోకగా అబద్ధమాడేశాను. దారంతా కెండ్రెల్ వైపు చూడలేకపోయాను.

మూడింటికి ఉతికిన తువ్వాళ్ళ బుట్టతో ఫిల్మ్ గదిలో వెనక నిలబడ్డాను. క్విన్సీ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి, లోపలికి రాకుండా గుమ్మానికి ఆనుకున్నాడు. చేతులకు గ్రీజు అలాగే ఉంది. కెండ్రెల్ దీపాలు ఆర్పి ఫిల్మ్ వేశాడు.

“డెబ్బై ఒకటో నంబరువాణ్ణి చూడండి. వీడు నాలుగేళ్ళు తన క్వార్టర్‌బ్యాక్‌ని అవతలివాళ్ళకి అప్పజెప్పాడు. క్విన్సీ భుజం పోయింది వీడి వల్ల. వీడు ఆ తర్వాత కోచ్ అయి మీకూ అదే నేర్పాడు. ఆ రెండు ఆటలూ మీరు ఓడిపోలేదు, నేను ఓడించాను.”

జవోరిస్ అన్నాడు, “గేటు తెరవడమే కాకుండా తాళంచెవి కూడా వాళ్ళకే ఇచ్చావన్నమాట.”

ఎవరో కిసుక్కున నవ్వారు. కెండ్రెల్ తప్పించుకోలేదు. “అవును, ఇచ్చాను” అన్నాడు.

హైటవర్ గారు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. “ఇరవై ఎనిమిదేళ్ళుగా ఫిల్ములు చూస్తున్నాను. ఈ ఆట పదకొండుసార్లు చూశాను. నాకూ కనపడలేదు” అన్నారు. ఆ తర్వాత గుమ్మం వైపు తిరిగారు. “క్విన్సీ, లోపలికొచ్చి కూర్చో. ఈ గదిలో నీకు క్షమాపణ చెప్పాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు, నాతో మొదలెడదాం.” నిజంగానే లేచి నిలబడి చెప్పారు. నేను తువ్వాళ్ళ బుట్టలో తలకాయ దూర్చాను.

“అయితే కోచ్, శనివారం తువ్వాళ్ళు తీసేద్దామా?” అని అడిగాడు జవోరిస్. వాడు ఆ మాటతో పిలవడం అదే మొదటిసారి. ఎవరూ గమనించనట్టే ఉన్నారు.

“తీస్తే వాళ్ళకి తెలిసిపోతుంది. ఉంచుదాం, తిరగేసి ఆడదాం. పరిగెత్తేటప్పుడు తుడుచుకుందాం” అన్నాడు కెండ్రెల్.

“పది నిమిషాల్లో కనిపెట్టేస్తారు” అన్నాడు క్విన్సీ. అందరూ వాడి వైపు తిరిగారు. “ఆఖరిదాకా నిజమే చెప్పండి. ఇదివరకు లాగే తుడుచుకోండి, వాళ్ళని నమ్మనివ్వండి. అన్నిటికంటే అవసరమైన చోట ఒక్కటే ఒక్క అబద్ధం.”

“అప్పటిదాకా మన క్వార్టర్‌బ్యాక్ పిల్లాణ్ణి చితక్కొడతారు కదరా. అది కుదరదు” అన్నాడు కెండ్రెల్. ఇద్దరూ బోర్డు దగ్గరికి వెళ్ళి వాదించుకోవడం మొదలెట్టారు. చివరికి బంతి అందుకున్న వెంటనే దగ్గర్లో ఉన్నవాడికి విసిరేయాలని తేల్చారు. అవతలివాడు వచ్చేలోపు పిల్లాడి చేతిలో బంతి ఉండకూడదు. ఆ వారమంతా క్విన్సీ సాయంత్రం ఐదుకల్లా షాపు కట్టేసి గ్రౌండుకొచ్చి, ఎడం చేత్తో గడియారం పట్టుకుని ఆ పిల్లాడి పక్కన నిలబడ్డాడు.

శనివారం మధ్యాహ్నం స్టేడియంలో ఇసుక వేస్తే రాలనంత జనం. వేన్‌రైట్ యాభై నాలుగో నంబరువాడు మొదటి నిమిషం నుంచీ మావాళ్ళ నడుములే చూశాడు. మావాళ్ళు వాడికి నిజమే చెప్పారు. పిల్లాడు బంతి అందుకోవడం, విసరడం, అంతే. రెండుసార్లు పడేశారుగానీ, దుమ్ము దులుపుకుని లేచాడు. అందులో రెండోసారి కెండ్రెల్ ఆట ఆపించి, పిల్లాడి దగ్గరికి తనే వెళ్ళి చూసొచ్చాడు. ఆఖరి నిమిషానికి మేము నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. గీత దాటితే ఆరు పాయింట్లు వస్తాయి. దాటడానికి మూడు గజాలు, మిగిలింది ఒక్క ప్రయత్నం. కిందటేటికీ ఇప్పటికీ తేడా ఒక్క గజం.

కెండ్రెల్ గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ ఒక్క అబద్ధానికి సంకేతం ఇవ్వడానికి వాడు తన నడుం మీద చెయ్యి వేసుకుంటే చాలు. వేసుకున్నాడు.

ఐదుగురూ తువ్వాళ్ళకు చేతులు తుడుచుకున్నారు. జవోరిస్ కొంచెం ఎక్కువే తుడుచుకున్నాడు, వాడికి నాటకాలెక్కువ. యాభై నాలుగోవాడు పక్కవాడి వీపు మీద రెండుసార్లు తట్టాడు. ఇద్దరూ అటూ ఇటూ చుట్టి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకారు. వాళ్ళు వదిలేసిన ఖాళీలోకి జవోరిస్ భుజం పెట్టి నెట్టాడు, వాడి వెనకే, పిల్లాడి చేతిలోంచి బంతి అందుకున్న మా పరుగువాడు దాన్ని చంకలో పెట్టుకుని నడిచినంత తేలిగ్గా గీత దాటాడు.

ఆ గోల మధ్య హైటవర్ గారు కెండ్రెల్ మెడ పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు. “ఉత్తరం ఎప్పుడు రాస్తారండీ?” అని వాడు అడిగాడు.

“సోమవారమే రాసేశాను, ఫిల్మ్ గదిలోంచి బయటికొచ్చి. ఇవాళ ఓడిపోయినా నువ్వు ఉండేవాడివే. ఆదివారం ఇంటికెళ్ళి పడుకో, సోమవారం నుంచి నీకు ఆఫీసు గది. ఏసీ పనిచెయ్యదు.”

కెండ్రెల్ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, కానీ నాకింకో పని మిగిలి ఉంది. క్విన్సీ గ్రౌండు చివర గోల్ స్తంభం దగ్గర ఒక్కడే నిలబడి జనాన్ని చూస్తున్నాడు. నా సంచీలో రెండు బట్టలున్నాయి. ఒకటి ఆ వారమంతా కుట్టిన కొత్త తువ్వాలు, పేరూ నంబరూ నీలం దారంతో. రెండోది నూనె మరకలతో నల్లబడిన సగం గుడ్డ. దాని మీద ‘డాబ్నీ’ అన్న పేరు ఇంకా సగం కనపడుతోంది. కొత్తది ఒక్కటే ఇచ్చేస్తే వాడికి తెలిసేది కాదు. సోమవారం ఆ ఫిల్మ్ గదిలోకి వెళ్ళేదాకా నేను అలాగే చేద్దామనుకున్నాను.

“భద్రంగా ఉందని నీకు అబద్ధం చెప్పాను నాయనా. నీ మీద కోపంతో చింపి మెషిన్ తుడిచాను. ఇదిగో నీది. ఇది కొత్తగా కుట్టాను” అని రెండూ చాచాను.

వాడు కొత్తదాన్ని ఎడం చేత్తో తీసుకుని మెడ చుట్టూ వేసుకున్నాడు. ఆ తర్వాత పాత గుడ్డ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వాడు.

“ఇదీ నాకే ఉండనీ అత్తా. షాపులో చేతులు తుడుచుకోడానికి పనికొస్తుంది” అన్నాడు.